అది ఏ సున్నా?

నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు, ఫోను మోగింది.

"బాబాయ్, స్క్రీను ఖాళీ. ఒక్క విమానం లేదు. మొన్నటిదాకా బాగానే ఉంది. నేనేమీ మార్చలేదు. లినక్స్ తీసేసి మళ్లీ ఎక్కించేదా?"

భిలాయి సెక్టార్ 7 కుర్రాడు. డిప్లొమా చేసి స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్నాడు. వరసకి నాకేమీ కాడు. వాళ్ల నాన్నా నేనూ ఒకే షాపులో ఇరవై ఏళ్లు పని చేశాం కాబట్టి బాబాయినయ్యాను. టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ల చుట్టరికాలు సగం ఇలా షిఫ్టుల్లో కలిసినవే.

"ఏదీ తీసెయ్యకు. ఏదీ ముట్టుకోకు. టీ తాగి నేనే చేస్తా" అన్నాను.

చవకగా దొరికే ఒక యూఎస్‌బీ ముక్క, దానికో చిన్న ఏరియల్, పాత లాప్‌టాప్ గానీ రాస్‌బెర్రీ పై గానీ ఉంటే పైన పోయే విమానాలను మ్యాపు మీద చూడొచ్చు. విమానం తన నంబరు, ఎత్తు, వేగం, ఉన్న చోటు తానే 1090 మెగాహెర్ట్జ్ మీద చెప్పుకుంటూ పోతుంది. ఒక్కో సందేశం 120 మైక్రోసెకన్లు, అందులో 112 బిట్లు. దాన్ని విని విప్పి చెప్పే ప్రోగ్రాముల్లో పేరున్నది డంప్1090. రెడిస్ డేటాబేస్ రాసిన సిసిలీ ప్రోగ్రామర్ సాల్వతోరె సాన్‌ఫిలిప్పో దీన్ని మొదట రాశాడు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది దాని వంశంలోదే, రీడ్‌ఎస్‌బీ. మ్యాపు చూపించే పని టార్1090ది.

ఇది కుర్రాళ్ల సరదా కదా, ఉద్యోగ సలహా పేజీలో దీనికేం పని అంటారేమో. నా లెక్కలో ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి ఇంట్లో కూర్చుని తప్పులు వెతకడం నేర్చుకోవడానికి ఇంత చవకైన బడి ఇంకోటి లేదు. ఏరియల్, కేబుల్, రేడియో, డ్రైవరు, సర్వీసు, నెట్‌వర్కు, వెబ్ పేజీ అన్నీ వరసగా ఒకే తీగకు గుచ్చి ఉంటాయి. ఎక్కడ తెగినా చివర కనిపించేది ఒకటే, ఖాళీ మ్యాపు.

ప్లాంటులో ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ రీడింగు సున్నా చూపిస్తే ఏం చేస్తాం? కంట్రోల్ రూములో కంప్యూటరు పీకేసి కొత్తది పెట్టం. లూప్ చెక్ చేస్తాం. మధ్యలో, జంక్షన్ బాక్సు దగ్గర మీటరు పెడతాం. మన సిగ్నలు 4 నుంచి 20 మిల్లీఆంపులు. ఆ 4 ఎందుకు పెట్టారో డిప్లొమాలోనే చెబుతారు: ప్రెషర్ నిజంగా సున్నా అయితే తీగలో 4 ఉంటుంది, తీగ తెగితే 0 ఉంటుంది. మొదటిది ప్రాణమున్న సున్నా, రెండోది చచ్చిన సున్నా. అందుకే టీ తాగి ఫోను చేసి కుర్రాణ్ణి నేనడిగిన మొదటి మాట "ఏ ఎర్రర్ వచ్చింది" అని కాదు. "ఒరేయ్, అది ఏ సున్నా?" అని.

ఆకాశంలో నిజంగా విమానాలు లేవా అన్న అనుమానం భిలాయిలో అక్కర్లేదు. మ్యాపు మీద స్కేలు పెట్టి ఢిల్లీ నుంచి విశాఖకు ఒక గీత, కోల్‌కతా నుంచి ముంబయికి ఒక గీత గీయండి. రెండూ కలిసేది ఇంచుమించు మన నెత్తి మీదే. విమానాలు గీత గీసినట్టు పోవు గానీ, దగ్గరదగ్గరగా పోతాయి. పైగా రాయపూర్ స్వామి వివేకానంద విమానాశ్రయం మనకు తూర్పున 40 కిలోమీటర్లే. కాబట్టి పగటిపూట పది నిమిషాలు స్క్రీను ఖాళీగా ఉందంటే లోపం మనదే. తెల్లవారుజామున మూడింటికైతే కాస్త ఓపిక పట్టొచ్చు.

ఈ ప్రోగ్రాముల్లో ప్రాణమున్న సున్నాను చూపించే మీటరు ఉంది. చాలామంది దాని మొహం చూడరు. డంప్1090 అయినా రీడ్‌ఎస్‌బీ అయినా స్టాట్స్ అని ఒక చిట్టా రాస్తాయి. అందులో మూడు లెక్కలు చూడండి: ఎన్ని శాంపిళ్లు తీసుకుంది, ఎన్ని ప్రియాంబుల్స్ దొరికాయి, వాటిలో తప్పుల తనిఖీ, అంటే సీఆర్‌సీ, సరిపోయి ఒప్పుకున్నవి ఎన్ని. ప్రియాంబుల్ అంటే ప్రతి సందేశానికి ముందు వచ్చే 8 మైక్రోసెకన్ల తాళం. ఉత్త గరగర శబ్దంలో కూడా ఆ తాళంలాంటిది పొరపాటున వినిపిస్తూనే ఉంటుంది. అందుకే రేడియో బతికుంటే ప్రియాంబుల్స్ లెక్క ఎప్పుడూ సున్నా కాదు. శాంపిళ్లే సున్నా అయితే యూఎస్‌బీ ముక్క దగ్గర తెగింది. ప్రియాంబుల్స్ లక్షల్లో ఉండి ఒప్పుకున్నవి లేకపోతే ఏరియల్ వైపు వెళ్లండి. ఒప్పుకున్నవీ వేలల్లో ఉండి మ్యాపు ఖాళీ అయితే తప్పు వెబ్ పేజీది. ఒక్క చిట్టాతో మూడు వంతుల్లో రెండు వంతులు వెతకనక్కర్లేకుండా పోయాయి.

కుర్రాడికి ఫోనులోనే చెప్పాను. సర్వీసు లాగ్ చూడాలంటే టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ యు, ఖాళీ, రీడ్‌ఎస్‌బీ. ఫోనులో కమాండ్లు చెప్పడం ఒక విద్య. "ఖాళీ" అంటే "స్క్రీను ఖాళీయే బాబాయ్" అంటాడు. "ఒరేయ్, స్పేస్ బారు నొక్కరా." చిట్టా తెచ్చి చదవమని ఫోను పెట్టేశాను. వాడు తెచ్చేలోపు, ఎక్కువమందికి ఎదురయ్యే తప్పులు చెబుతాను.

మొదటిది నాకే జరిగింది. ఓ వానాకాలం రాత్రి కరెంటు పోయి వచ్చాక నా పెట్టె మళ్లీ లేచింది గానీ విమానాలు లేవు. అప్పటికి నాకూ ఓపిక తక్కువ. లినక్స్ మూడుసార్లు ఎక్కించాను, ఆదివారమంతా పోయింది. నాలుగోసారి విసుగొచ్చి లాగ్ చదివితే ఒకటే వాక్యం, మొదటిసారి నుంచీ అదే వస్తోంది: యూఎస్‌బీ క్లెయిమ్ ఇంటర్‌ఫేస్ ఎర్రర్ మైనస్ 6.

ఈ అంకెలు లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ చెప్పేవి. మైనస్ 6 అంటే పరికరం ఉంది, కానీ దాన్ని ఇంకెవరో పట్టుకుని కూర్చున్నారు. మైనస్ 3 అంటే నీకు అనుమతి లేదు. మైనస్ 4 అంటే ఆ పరికరమే లేదు. ఈ మూడూ గోడ మీద రాసి పెట్టుకోవచ్చు.

పట్టుకుని కూర్చునేది ఎవరంటే, చాలాసార్లు లినక్స్ కెర్నెలే. ఈ ముక్కలో ఉన్న ఆర్‌టీఎల్2832యూ చిప్పు పుట్టింది టీవీ చూడ్డానికి. దాన్ని సాదా రేడియోగా వాడొచ్చని 2012లో బయటపడింది. ముక్క గుచ్చగానే కెర్నెల్ "ఓహో టీవీ వచ్చింది" అని తన టీవీ డ్రైవరు తగిలిస్తుంది. తమాషా ఏమిటంటే ఈ చిప్పుకు తెలిసింది పాత డీవీబీ-టీ పద్ధతి, దూరదర్శన్ టవర్ల నుంచి చేసే డిజిటల్ ప్రసారాలు డీవీబీ-టీ2లో ఉంటాయి. అంటే మన ఊళ్లో ఇది టీవీగా ఎన్నడూ పనికిరాదు, అయినా ఆ డ్రైవరు మాత్రం ఠంచనుగా డ్యూటీ ఎక్కుతుంది. దాన్ని ఆపడానికి ఈటీసీ ఫోల్డరులో మోడ్‌ప్రోబ్ డాట్ డి అనే ఫోల్డరు ఉంటుంది. అందులో ఒక ఫైలు పెట్టి, బ్లాక్‌లిస్ట్ అని రాసి, ఖాళీ వదిలి, డీవీబీ, అండర్‌స్కోర్, యూఎస్‌బీ, అండర్‌స్కోర్, ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూ అని రాయాలి. మూడు ఎక్స్‌లు కాదు, రెండే. తరవాత రీబూట్. ఆ వేళ నేను డ్రైవరును చేత్తో తీసేశానే తప్ప ఫైలులో రాయలేదు, అందుకే రీబూట్ అయ్యేదాకా నడిచి, అవ్వగానే ఆగింది. "నిన్నటిదాకా నడిచింది" అని ఎవరన్నా అంటే "మధ్యలో రీబూట్ అయిందా" అని అడగడం అప్పటినుంచే నాకు అలవాటు.

మైనస్ 6కి ఇంకో కారణం రెండు ప్రోగ్రాములు ఒకే ముక్క కోసం కొట్టుకోవడం. పాత డంప్1090 తీసెయ్యకుండా రీడ్‌ఎస్‌బీ ఎక్కిస్తారు. బూట్‌లో ఏది ముందు లేస్తే దానిదే ముక్క. ఒకరోజు పని చేసి ఒకరోజు చెయ్యని పెట్టెల్లో నేను ముందు వెతికేది ఇదే. సిస్టమ్‌సీటీఎల్‌తో ఒకదాన్ని డిసేబుల్ చేస్తే సరి.

మైనస్ 3 అయితే పరికరాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే యూడెవ్ రూల్స్ ఫైలు లేదన్నమాట. రూట్‌గా నడిపిస్తే పని అయిపోతుంది, అందుకే అందరూ ఆ దారి పడతారు. పట్టకండి. ఇంట్లో అలవాటైన చెయ్యి ప్లాంటు సర్వరు మీద కూడా అదే చేస్తుంది. మైనస్ 4 అయితే ఎల్-ఎస్-యు-ఎస్-బి అని కొట్టి జాబితాలో రియల్‌టెక్ పేరు, 0బీడీఏ:2838 అనే నంబరు ఉన్నాయో చూడండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, పోర్టు మార్చండి. ఇంకొక మాట: ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వాళ్ల వీ4 ముక్క కొన్నవాళ్లు పాత డ్రైవరుతో నడపబోతే ట్యూనరు సరిగా పట్టదు. దాని ట్యూనరు వేరు, కొత్త డ్రైవరు కావాలి.

ముక్క సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీస్తుంది, ఒక్కో శాంపిలుకు రెండు బైట్లు. దాదాపు 5 మెగాబైట్లు ఆగకుండా యూఎస్‌బీలో పారాలి. రాస్‌బెర్రీ పైకి మొబైల్ చార్జర్ పెట్టి నడిపేవాళ్లకు ఇక్కడే దెబ్బ. వీసీజెన్‌సీఎమ్‌డీ అని కొట్టి, ఖాళీ వదిలి, గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అంటే జవాబు 0ఎక్స్0 రావాలి. 0ఎక్స్50000 వస్తే ఇప్పుడు బాగున్నా ఎప్పుడో వోల్టేజీ పడిపోయిందని అర్థం. మే నెలలో 45 డిగ్రీల మధ్యాహ్నం ఈ లోపాలన్నీ ఒక్కసారి బయటికొస్తాయి. ముక్క కాలిపోతుంటే కంగారుపడి పీపీఎమ్ సవరణలు చేసేవాళ్లను చూశాను. వేడికి ఫ్రీక్వెన్సీ జరిగే ఆ కాస్త తేడా ఈ పనికి లెక్కలోది కాదు. దాన్ని వదిలేసి చార్జర్ మార్చండి.

మ్యాపు వైపు తప్పులు తేలిక, తొందరగా చెప్పేస్తాను. రీడ్‌ఎస్‌బీ నడుస్తోంది, లెక్కలు పెరుగుతున్నాయి, పేజీ మాత్రం ఖాళీ. టార్1090 చదివే ఫోల్డరు, రీడ్‌ఎస్‌బీ రాసే ఫోల్డరు ఒకటేనా చూడండి. వేరే కంప్యూటరు నుంచి డేటా తెచ్చుకుంటుంటే బీస్ట్ డేటా 30005 పోర్టులో వస్తుంది, 30003లో వచ్చేది అక్షరాల డేటా. రెండింటినీ తారుమారు చేస్తే కనెక్షన్ కుదిరినట్టే కనిపించి ఏమీ రాదు. జాబితాలో విమానం పేరుంది, మ్యాపు మీద బొమ్మ లేదు అంటే అది లోపం కాకపోవచ్చు. చోటు తేలాలంటే ఒక సరి సందేశం, ఒక బేసి సందేశం పది సెకన్ల లోపల రెండూ దొరకాలి. కొన్ని విమానాలు చోటు చెప్పనే చెప్పవు. జాబితాలో 80 నుంచి 83 లోపు అంకెలతో మొదలయ్యే కోడ్లు మన దేశంలో రిజిస్టరైన విమానాలవి. అది చూస్తే వచ్చేది నిజం డేటానా చెత్తా అన్నది కూడా తేలుతుంది.

ఏరియల్ సంగతి మాత్రం నింపాదిగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తప్పు అనుకునేవాటిలో సగం ఇక్కడివే, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇటు చూడ్డం అలవాటు లేదు.

1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు. అందులో పావు 6.9. ముక్కతో వచ్చే అయస్కాంతం అడుగున్న పుల్లను ఆ కొలతకు తగ్గించి, ఏదైనా ఇనుప రేకు మీద నిలబెడితే చాలు, పని చేస్తుంది. రేకు ముఖ్యం. ఆ రేకు కింద లేకపోతే పైన పుల్ల సగం ఏరియలే. కేబుల్‌కి సన్నని ఆర్‌జీ-58 పది మీటర్లు లాగితే చివరికి చేరేది సుమారు నాలుగో వంతు బలం. టీవీ డిష్ వాళ్లు వాడే ఆర్‌జీ-6 అయితే సగానికి పైనే మిగులుతుంది. 75 ఓమ్, 50 ఓమ్ తేడా వస్తుందని భయపడకండి, ఆ నష్టం కేబుల్ నష్టం ముందు లెక్కలోకి రాదు. బయట జాయింట్లకు రబ్బరు టేపు చుట్టండి. మన ఊరి దుమ్ములో ఇనుము ఎంత ఉంటుందో ఆరేసిన తెల్లచొక్కాను అడిగితే చెబుతుంది. అది తడిసి కనెక్టరులో చేరిందా, ఇక అంతే.

గెయిన్ పెంచితే ఎక్కువ వినిపిస్తుందనుకుంటారు. ఈ ముక్కల్లోని ట్యూనరుకు అత్యధిక గెయిన్ 49.6 డెసిబెల్. ఇంటి పక్కనే మొబైల్ టవరు ఉంటే 900 ప్రాంతంలో దాని అరుపుకే రేడియో చెవులు మూసుకుపోతాయి. గట్టి సందేశాలు, అంటే మైనస్ 3 డెసిబెల్ దాటినవి, నూటికి ఐదు మించితే గెయిన్ రెండు మెట్లు దింపండి. ఒక రోజు ఆగి చూడండి, ఒక గంట కాదు. పొద్దున్నా రాత్రీ రద్దీ వేరు.

ఆశలకు కూడా హద్దుంది. రేడియోకి భూమి గుండ్రమే అడ్డు. 35,000 అడుగుల మీద పోయే విమానం 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం దాకా అందుతుంది. నాగ్‌పూర్ 235 కిలోమీటర్లు, సులువు. విశాఖ పైన పోయేవాటికి కొసాకొసి. రాయపూర్‌లో దిగే విమానం మాత్రం బాగా కిందికి వచ్చేసరికి లెక్క ప్రకారమే మాయమవుతుంది. చెట్లు, మేడలు కలుపుకుంటే వెయ్యి అడుగుల దగ్గరే పోతుంది. ప్రతి రోజూ రన్‌వేకి ముందే మాయమవుతోందని ప్రోగ్రామును తిట్టకండి.

పని నేర్చుకునేవాళ్లకు రెండు మాటలు. నోటు పుస్తకం పెట్టండి, షిఫ్ట్ లాగ్‌బుక్ రాసినట్టే: తారీకు, టైము, ఏం మార్చాను, ముందు నిమిషానికి ఎన్ని సందేశాలు, తరవాత ఎన్ని. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కేబులూ గెయినూ ఒకేసారి మార్చినవాడికి ఏది పని చేసిందో దేవుడే చెప్పాలి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచీ ఈ ఊళ్లో పని నేర్పింది లాగ్‌బుక్కే. ఎవరినన్నా సాయం అడిగితే "పని చెయ్యట్లేదు సార్" అని స్క్రీను ఫొటో పంపకండి. లాగ్‌లో మొదటి ఎర్రర్ వాక్యం, దానికి ముందు పది వాక్యాలు పంపండి. చివరి ఎర్రర్ కాదు, మొదటిది. తక్కినవి దాని పిల్లలు. రేపు ఇంటర్వ్యూలో "లినక్స్ వచ్చు" అని పది మంది అంటారు. "మైనస్ 6 వచ్చింది, కెర్నెల్ డ్రైవరు పట్టుకుందని ఇలా తేల్చాను" అన్నవాడి వైపు ఎదుటివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నేను అటువైపు కూర్చున్నవాణ్ణే, చెబుతున్నాను.

ఇంకొకటి, మర్చిపోకండి. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడం 1933 చట్టం నాటి నుంచే లైసెన్సుల వ్యవహారం, 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. నియమాలు కనుక్కునే మొదలుపెట్టండి, కుదిరితే హామ్ లైసెన్సు పరీక్ష రాయండి. క్వార్టరు మేడ మీద కర్ర పాతాలంటే టౌన్‌షిప్ వాళ్లను అడగండి. ప్లాంటు గేటు లోపలికి మాత్రం ఈ ముక్క జేబులో కూడా తీసుకెళ్లకండి.

పదిన్నరకి కుర్రాడు మళ్లీ చేశాడు. నిద్ర పోయినట్టే.

"బాబాయ్, శాంపిళ్లు వస్తున్నాయి. ప్రియాంబుల్స్ లక్షల్లో ఉన్నాయి. ఒప్పుకున్నవి గంటకి నాలుగు."

"ప్రాణమున్న సున్నా. ఏరియల్ ఎక్కడుంది?"

"కిటికీలోనే, ఎప్పుడూ ఉండేచోటే. నేనేమీ మార్చలేదు."

"నువ్వు మార్చలేదు సరే. ఇంట్లో ఏం మారింది?"

కాసేపు మాట లేదు. వెనక నుంచి గుయ్యిమని ఒక మోత వినబడుతోంది.

"అదేమిట్రా ఆ మోత?"

"కూలరు బాబాయ్. ఎండలు ముదిరాయని మొన్న అమ్మ కిటికీలో పెట్టించింది."

మూడడుగుల ఇనుప పెట్టె. దాని వెనక, గోడకీ రేకుకీ మధ్య ఇరుక్కుని మా వాడి ఏరియల్. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ ఏరియల్ తీసి కూలరు మీద పెట్టమన్నాను, నీళ్లు పడని మూల చూసి. అయస్కాంతం టక్కున అంటుకున్న చప్పుడు ఫోనులో వినబడింది. కింద అంత పెద్ద రేకు దానికి అంతకు ముందెప్పుడూ లేదు.

"బాబాయ్, పదకొండు. పన్నెండు. ఒకటి రాజ్‌నంద్‌గావ్ మీద ఉంది..."

"పుస్తకంలో రాసుకో" అని ఫోను పక్కన పెట్టి పడుకున్నాను.